కంప్యూటర్ తెర: అక్షరానికి తేట, రంగుకు నిజం

జనన ధ్రువపత్రంలోని పేరును ముద్రణకు ముందు కంప్యూటర్ తెర మీదనే సరిచూడవలసిన సందర్భాలు నేడు పెరిగినవి. ‘పార్థసారథి’లోని ‘థ’ నడుమ ఒక చుక్క ఉన్నది. తెర మసకగా ఉంటే ఆ చుక్క కనబడదు. ‘ధ’ అని పడిన తప్పు ఒప్పుగా చెల్లిపోతుంది. పత్రం చేతికి వచ్చిన తరువాత దిద్దుబాటుకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఆధారాలు. ‘ఠ’కూ ‘ర’కూ గల భేదం కూడా దాదాపు ఆ చుక్కయే. కన్నడ లిపిలోనూ ఇదే చిక్కు. ఇటువంటప్పుడు కంటిని అనుమానించే ముందు తెర అమరికను చూడటం మేలు.

మొదట చూడవలసినది రిజల్యూషన్. పలక తెరలో చుక్కల సంఖ్య తయారీలోనే స్థిరపడుతుంది; 1920 × 1080 సర్వసాధారణం. అంతకంటె తక్కువ సంఖ్యను ఎంచుకుంటే బొమ్మను సాగదీయవలసి వచ్చి అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. విండోస్‌లో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిస్తే ‘రికమెండెడ్’ అని సూచించిన సంఖ్య ఉంటుంది, దానినే ఉంచవలెను. అక్షరాలు చిన్నవిగా తోస్తే స్కేల్‌ను 125 లేదా 150 శాతానికి పెంచవలెను. చాలా ఇళ్లలో స్కేల్ జోలికి పోక రిజల్యూషన్‌ను తగ్గిస్తారు. అక్షరం పెద్దదవుతుంది, చుక్క మాత్రం పోతుంది. మానిటర్ మెనూలోని షార్ప్‌నెస్‌ను మితిమీరి పెంచినా అక్షరాల చుట్టూ తెల్లని అంచు పుట్టి వత్తులు చెదురుతాయి.

వెలుగుకు కొలమానం ఒక తెల్లకాగితం. దానిని తెర పక్కన పట్టుకొన్నప్పుడు తెర దీపంలా మెరిసిపోరాదు, బూడిదరంగుగానూ కనబడరాదు. కాంట్రాస్ట్‌కు ఛాయాచిత్రం చాలును: తెల్లచొక్కా మడతలు కనబడేవరకు తగ్గించవలెను.

రంగు విషయంలో నష్టం డబ్బు రూపంలోనే కలుగుతుంది. ఇంటి నుండి చీరలు అమ్మే ఒక గృహిణి రాత్రిపూట ‘నైట్ లైట్’ ఆన్‌లో ఉండగా ఫోటోలు దిద్దినదనుకొందాము. తెర పసుపెక్కి ఉన్నందున లక్క ఎరుపు చీర నారింజగా కనబడుతుంది. ఆమె నీలం కలిపి సరిచేస్తుంది. కొనుగోలుదారు ఫోనులో అదే చీర ఊదాగా కనబడుతుంది, వచ్చిన చీర తిరుగుటపాలో వెనక్కి పోతుంది. అందుచేత రంగుల పనికి ముందు నైట్ లైట్ ఆపి, మానిటర్ మెనూలో ఉంటే ‘ఎస్‌ఆర్‌జీబీ’ని, లేకుంటే 6500 కెల్విన్‌ను ఎంచుకొనవలెను. 1996లో రూపొందిన ఈ ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణమే వెబ్ చిత్రాలకు నేటికీ ఆధారం. చీరను తెరతో పోల్చడం పగటివెలుగులోనే. పసుపు బల్బు కింద చీర రంగే మారుతుంది.

మెనూలో ఏది చెడినా ‘రీసెట్’ ఉన్నది. అయితే తెర ఉన్నట్టుండి మొత్తం పసుపుగానో నీలిపచ్చగానో మారితే, పాత వీజీఏ తీగ వదులై ఒక రంగు అందకపోవడం తరచుగా కారణమవుతుంది. కంప్యూటర్‌నూ మానిటర్‌నూ ఆపి, తీగను ఊడదీసి, సూదులు వంగినవేమో చూసి, తిరిగి అమర్చి రెండు మరలనూ బిగించిన పిమ్మటనే అమరికల జోలికి పోవలెను.