కడిగితే పోయేది నీచు వాసనే

ప్రశ్న: నా వయసు 26. ఇప్పుడు ఐదో నెల. చేపల్లో పాదరసం ఉంటుందని, కడుపులో బిడ్డకు మంచిది కాదని ఎవరో చెబితే మావారు ఇంటికి చేపలు తేవడమే మానేశారు. ఉప్పూ పసుపూ వేసి మూడుసార్లు కడిగితే పోతుందని అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు డాక్టరుగారూ?
– ఒక సోదరి, భీమునిపట్నం

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. థర్మామీటరు పగిలితే నేల మీద గోళీల్లా దొర్లుతుందే, ఆ పాదరసం వేరు. పొరపాటున మింగినా దాదాపు అంతా విరేచనంలో పోతుంది. దాని ఆవిరి పీలిస్తేనే ముప్పు. నీటి అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు ఈ పాదరసానికి కర్బనాన్ని జోడిస్తే అది మిథైల్ మెర్క్యురీ అవుతుంది. తిన్నదాంట్లో నూటికి 95 పాళ్లు ఒంటికి పట్టేస్తుంది. చేప కండలోని మాంసకృత్తులను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కడిగినా, పులుసు పెట్టినా, వేపినా పోదు. మన ఒంట్లో అమైనో ఆమ్లం వేషం కట్టి మెదడులోకి, మాయ దాటి బిడ్డలోకి దూరుతుంది. జపాన్‌లోని మినమాటలో ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన సముద్రపు చేపలు తిన్న తల్లుల్లో కొందరు పైకి బాగానే కనిపించారు, వాళ్లకు పుట్టిన పిల్లలకు మాత్రం మెదడు దెబ్బతింది. ఆ జబ్బు బయటపడింది 1956లో.

కడగడమంటే ఇరాక్ గుర్తొస్తుంది. విత్తనాలకు బూజు పట్టకుండా ఒకప్పుడు ఈ మిథైల్ మెర్క్యురీనే మందుగా పట్టించేవారు. 1971లో అక్కడికి వచ్చిన గోధుమ విత్తనాలకు, తినకూడదని తెలిసేలా, ఎర్రరంగు కూడా వేశారు. జనం కడిగారు. రంగు పోయింది. విషమూ పోయిందనుకుని రొట్టెలు చేసుకున్నారు. ఆస్పత్రుల్లో చేరినవాళ్లే 6,530 మంది, అందులో 459 మంది చనిపోయారు.

అంతమాత్రాన చేపలు మానకండి. బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు వాటిలోనే బాగా దొరుకుతాయి. చిన్న చేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది మింగుతూ పోతుంటే విషమంతా చివరిదాంట్లో పోగవుతుంది. అందుకే కొమ్ముకోనాం, సొర వద్దు. వంజరం ఎప్పుడో ఒకసారి చాలు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, రొయ్యలు వారానికి రెండుమూడు పూటలు, మొత్తం 300 గ్రాముల దాకా తినండి. నెత్తళ్లు, కవళ్ల ధర కూడా తక్కువే!

కాన్పయ్యాక పాలు పడతాయని మీవైపు పాలసొర పెడతారు కదా, అప్పుడూ నెత్తళ్ల పులుసే అడగండి. పాలు పడేది బిడ్డ చప్పరించడం వల్ల. ఇన్నాళ్లూ మామూలుగా తిన్న చేపల గురించి బెంగ వద్దు, రక్తపరీక్ష అక్కర్లేదు. మిథైల్ మెర్క్యురీ రక్తంలో సగానికి తగ్గడానికి 50 రోజులు పడుతుంది, కాబట్టి చేపల ఎంపిక ఈ వారం నుంచే మార్చుకోండి.