చెవి కారితే చిన్నచూపు వద్దు

"పిల్లలకు చెవి కారడం మామూలే. పెద్దయితే అదే పోతుంది." చాలా ఇళ్ళలో ఈ మాట వినిపిస్తుంది. ఇది నమ్మదగ్గ మాట కాదు. చీము కారే చెవిలో ఎముకలు కరిగిపోవచ్చు.

చెవిలో ఎముకలు

చెవి రంధ్రం చివర పలుచటి పొర ఉంటుంది. దాని పేరు కర్ణభేరి. దాని వెనక మూడు చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయి. ఒకటి సుత్తిలా ఉంటుంది. ఒకటి కమ్మరి దాగలిలా ఉంటుంది. మూడోది గుర్రపు రికాబులా ఉంటుంది. మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక ఇదే. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. అంటే బియ్యపు గింజలో సగం.

శబ్దం తగలగానే కర్ణభేరి అదురుతుంది. ఆ అదురు ఈ ఎముకల మీదుగా లోపలి చెవికి చేరుతుంది. అప్పుడే మాట వినపడుతుంది.

ఎముక ఎలా కరుగుతుంది?

ఎముకలో కాల్షియం, భాస్వరం ఉంటాయి. వాటిని పట్టి ఉంచే పీచు ఉంటుంది. ఎముకను కట్టే కణాలు కొన్ని. కరిగించే కణాలు కొన్ని. ఇవి సూక్ష్మదర్శినిలోనే కనపడతాయి. ఆరోగ్యంగా ఉంటే రెండు పనులూ సమానంగా సాగుతాయి.

చీము నెలల తరబడి ఉంటే కరిగించే కణాల పని ఎక్కువవుతుంది. అవి ఆమ్లం, అంటే పుల్లటి రసం వదులుతాయి. నాపరాతి బండ మీద నిమ్మరసం పడితే ఏమవుతుంది? ఆ చోట బండ తినేసి మచ్చ పడుతుంది. చెవి ఎముకకూ అంతే. కాల్షియం కరుగుతుంది. పీచు చివుకుతుంది. ఎముక మీద గుంటలు పడతాయి. ఎక్కువ మందిలో దాగలి ఎముక సన్నటి కొన ముందుగా అరుగుతుంది. గొలుసు తెగుతుంది. వినికిడి తగ్గుతుంది.

కొందరికి చర్మం చెవి లోపలికి సంచిలా పెరుగుతుంది. చీము కొంచెమే కారుతుంది. కాని కంపు కొడుతుంది. ఇది మరీ ప్రమాదం. మూతి వంకర పోవచ్చు. చీము మెదడుకు పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఏం చేయాలి?

చెవిలో నూనె, ఆకుపసరు పోయకూడదు. పిన్నీసు, పుల్ల పెట్టకూడదు. కారే చెవిలో నీళ్ళు పోనివ్వకూడదు. చీము కనపడగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. రెండు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. తొందరగా వెళితే చాలామందికి చుక్కల మందుతోనే చెవి ఆరుతుంది. కర్ణభేరి చిల్లు మూయడానికి ఆపరేషను ఉంది. పోయిన ఎముక బదులు వేరేది అమర్చడానికీ ఆపరేషను ఉంది.

పిల్ల పిలిస్తే పలకడం లేదా? పెంకితనం అనుకోవద్దు. చదువులో వెనకబడిందా? మొద్దు అని తిట్టవద్దు. ముందు చెవి చూపించండి.

జవాబులు చెప్పండి

1. కర్ణభేరి వెనక ఎన్ని ఎముకలు ఉంటాయి?
2. చీము ఉన్న చెవిలో ఎముక ఎలా కరుగుతుంది?
3. మీ వీధిలో చెవి కారే పిల్లలు ఉన్నారా? వాళ్ళ అమ్మకు ఏం చెబుతారు?