నస్రీన్ మొహమ్మదీ: గీతల చిత్రకారిణి

జననం 1937, కరాచీ (అప్పటికి అవిభక్త భారత్). కుటుంబం 1944లో బొంబాయికి మారింది.

చదువు: లండన్ సెయింట్ మార్టిన్స్, 1954–57. తర్వాత ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌పై పారిస్, 1961–63. పరీక్షలో ఈ రెండింటి వరుస తారుమారు చేసి అడగవచ్చు.

ఉద్యోగం: 1972 నుంచి మరణం వరకు బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం, లలిత కళల విభాగంలో అధ్యాపకురాలు. ఆ విభాగం స్థాపన 1950.

శైలి: నైరూప్యం. ఇదే కీలకం. అప్పట్లో బరోడా అంటే గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్‌ల కథన చిత్రాలు. ఈమె కాగితంపై మనిషి బొమ్మే ఉండదు. భవన నిర్మాణ నక్షాలు గీసే పరికరాలు, ఇంకు, పెన్సిల్, గ్రాఫు గడులు. ఒక గీత సన్నగా మొదలై పక్క గీతకు చేరువవుతూ చిక్కబడుతుంది, మళ్లీ దూరమవుతుంది. డైరీలో రాసుకున్న వాక్యాలపైనా నల్ల సిరా పట్టీలు దిద్దేది. చిత్రాలకు దాదాపుగా పేర్లే పెట్టలేదు కనుక ‘జతపరచండి’లో ఈమె పక్కన చిత్రం పేరు కనిపిస్తే అనుమానించండి!

ఫొటోలు తీసినా బతికుండగా ప్రదర్శించలేదు. ఈమెపై ప్రభావం: చిత్రకారుడు వి.ఎస్. గైతోండే.

మరణం: 1990, కిహీం (మహారాష్ట్ర).

తప్పక గుర్తుంచుకోవాల్సింది: 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ మ్యూజియం తలుపులు తెరిచినప్పటి ప్రారంభ ప్రదర్శనల్లో ఒకటి ఈమెదే.