పాత చదరంగం పావులు: దంతమా, ఎముకా?

ప్రశ్న: తాతగారి పెట్టెలో పాత చదరంగం పావులు దొరికాయి. రాజు, మంత్రి అంబారీ ఏనుగుల మీదున్నారు. ఒక పక్షం బంట్లు తుపాకుల సిపాయిలు. ఇవెక్కడివి? దంతమేనా?

జవాబు: మీ వర్ణన బెంగాల్‌లోని ముర్షిదాబాద్ పనితనాన్ని గుర్తుచేస్తోంది. 19వ శతాబ్దంలో అక్కడి శిల్పులు ఒక పక్షాన ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని, ఎదుట దేశీ రాజుల బలగాన్ని చెక్కేవారు. ఎంత అందమైన పనో!

ఇక, పావును తిరగేసి అడుగుభాగం భూతద్దంతో చూడండి. సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టుంటే ఏనుగు దంతం. నల్లటి చుక్కలు, సన్నటి గుంటలు కనిపిస్తే ఎముక. కాల్చిన సూదితో గుచ్చే పరీక్ష మాత్రం దయచేసి చేయకండి, ఆ మచ్చ పోదు.

దంతమని తేలితే అమ్మకానికి పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ముందు అటవీశాఖ అధికారులను కలవండి.