మా గ్రూపులో ఒకమ్మాయి పోయింది... నేనిక వెళ్లాలా, మానాలా?

సమస్య



మాది ఉయ్యూరు. నాకు ముప్ఫై ఒక్కేళ్లు. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. మావారికి బందరు రోడ్డు మీద ఎరువుల కొట్టుంది. మాకు ఆరేళ్ల పాప. అత్తయ్య మాతోనే ఉంటారు.

పాపకు రెండో ఏడు నడుస్తున్నప్పుడు నా బుగ్గల మీద ఎర్రగా మచ్చలొచ్చాయి. మంగు అనుకున్నాం. తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడటం మొదలైంది. నోట్లో పుళ్లు. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. ఒకరు కీళ్లవాతం అన్నారు, ఒకరు ఒంట్లో రక్తం లేదన్నారు, ఇంకొకరు టైఫాయిడ్‌కు మందులిచ్చారు. ఏడాది పైగా అలా తిరిగాక బెజవాడలో కీళ్ల డాక్టరు గారు రక్తపరీక్షలు చేయించి లూపస్ అని తేల్చారు. మందులతో ఇప్పుడు అదుపులోనే ఉంది. కానీ స్టెరాయిడ్లకు మొహం ఉబ్బిపోయింది. "ఒళ్లు చేశావే!" అనేవాళ్లకు నవ్వి ఊరుకుంటున్నాను.

అత్తయ్య చెడ్డవారు కారు. కానీ "పొద్దున మంచం దిగలేనిదానివి, సాయంత్రం పిల్లతో ఎలా ఆడుతున్నావు?" అంటారు. ఈ ఏడు మా ఊరి వీరమ్మతల్లి తిరునాళ్లలో నాచేత గండదీపం మొక్కు తీర్పిస్తానని అనుకున్నారు. సరిగ్గా ఆ రోజే జ్వరమొచ్చి లేవలేకపోయాను. అప్పట్నుంచీ నాతో సరిగా మాట్లాడరు. మా అమ్మేమో, చెల్లి పెళ్లి అయ్యేదాకా ఈ జబ్బు పేరు బయట ఎత్తొద్దంటుంది.

డాక్టరు గారి దగ్గర వరుసలో కూర్చున్నప్పుడు పెనమలూరు అక్క ఒకావిడ పరిచయమయ్యారు. ఆవిడతో పాటు కంకిపాడు, పామర్రు, ఉయ్యూరు చుట్టుపక్కల ఈ జబ్బున్న ఆడవాళ్లు కొందరు ఫోన్లో గ్రూపు పెట్టుకున్నారు. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు "ఇవాళ చేతకావడం లేదు" అంటే ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకావిడ దిండు తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఈ వేసవిలో మా గ్రూపులో ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కిడ్నీలు పాడై చనిపోయింది. మా పాపకు ఫోన్లో కథలు చెప్పేది. అప్పట్నుంచీ ఆ గ్రూపు తెరవలేకపోతున్నాను. బాత్రూముకు వెళ్లిన ప్రతిసారీ మూత్రంలో నురగ వస్తోందేమోనని చూసుకుంటున్నాను. "అక్కడికెళ్లి భయం కొని తెచ్చుకుంటున్నావు, మానెయ్" అంటున్నారు మావారు. దానికితోడు గ్రూపులో ఒక అక్క ఇంగ్లీషు మందులన్నీ ఆపేసి ఏదో కషాయం తాగుతోంది. మమ్మల్నీ తాగమంటోంది. ఇద్దరు మొదలుపెట్టారు కూడా.

మానేస్తే మళ్లీ ఒంటరినవుతాను. వెళ్తే ఈ భయం. ఏం చేయను?

ఒక సోదరి, ఉయ్యూరు

సలహా

అమ్మాయీ,

ఆ పిల్ల గురించి నువ్వు రాసినవి నాలుగే మాటలు. మీ పాపకు కథలు చెప్పేదన్నావు, పోయిందన్నావు, వెంటనే నీ భయంలోకి వెళ్లిపోయావు. ఏడ్చావో లేదో రాయలేదు. ఆమె పోయాక మీరంతా ఒకచోట కూర్చున్నారో లేదో కూడా రాయలేదు. కూర్చోలేదనే నాకనిపిస్తోంది. మన ఇళ్లలో ఎవరైనా పోతే పదోరోజు వరకూ వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, పోయినవాళ్ల మాటే చెప్పుకుంటారు. మీరంతా ఆమెకు బంధువులు కారు గనుక మీకు ఆ అవకాశం దక్కలేదు. అందుకే నీ దుఃఖం బయటికి రాలేక భయం రూపంలో నిన్ను పట్టుకుంది. ఈసారి కలిసినప్పుడు వేరే మాటలేవీ పెట్టుకోకుండా ఆమె గురించే మాట్లాడుకోండి. మీలో ఇద్దరు వెళ్లి ఆ అమ్మాయి వాళ్లమ్మను చూసి రండి. తన కూతురి బాధ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారని ఆ తల్లికి తెలియాలి.

ఇక నీ భయం. ఆ అమ్మాయికి కిడ్నీలు ఎప్పుడు దెబ్బతిన్నాయో, ఏ మందు ఎప్పుడు అందిందో నీకూ నాకూ తెలియదు. లూపస్ ఇద్దరిలో ఒకేలా నడవదు. ఒకరికి చర్మం, కీళ్లతో ఆగుతుంది, ఇంకొకరికి కిడ్నీల దాకా పోతుంది. కిడ్నీకి సోకినప్పుడు మొదట్లో నొప్పి ఉండదు. నురగ కోసం కంటితో చూసుకుంటే తేలేది తక్కువ, కుంగేది ఎక్కువ. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, బీపీ, ఈ మూడూ డాక్టరు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించుకో. కాగితాలన్నీ తేదీల వరుసన ఒక ఫైల్లో పెట్టుకో. కాళ్లు, కళ్ల కింద వాపు కనిపిస్తే గడువు కోసం ఆగకు. 1950ల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఐదేళ్లు దాటి బతికినవాళ్లు సగమే. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్లు దాటుతున్నారు, చాలామంది దశాబ్దాల తరబడి ఉద్యోగాలు చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ బతుకుతున్నారు. రాత్రిళ్లు భయంతో నిద్ర పట్టకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. ప్రభుత్వం నడిపేదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆయన మాట ప్రేమతో అన్నదే. కానీ నీ భయాన్ని గ్రూపు తెచ్చిపెట్టలేదు, జబ్బు తెచ్చింది. గ్రూపు లేని రోజుల్లోనూ ఈ భయం నీలో ఉండే ఉంటుంది, అప్పుడు చెప్పుకునే మనిషే లేరు. ఆయనకూ అంతే భయం ఉంది, ఆయనకు కూర్చుని మాట్లాడే చోటు ఎక్కడా లేదు. ఒక ఆదివారం ఆయన్నీ తీసుకెళ్లు. మిగతావాళ్ల భర్తల్ని, అన్నదమ్ముల్ని కూడా రమ్మను. ఆడవాళ్ల మధ్య మేమెందుకని మొదట నసుగుతారు. అయినా రమ్మను.

కషాయం విషయంలో నేను మెత్తగా చెప్పలేను. రోగాల మీద పోరాడాల్సిన శక్తి సొంత ఒంటి మీదికే తిరగబడటం లూపస్. అలాంటప్పుడు ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులూ కషాయాలూ తాగడం ఎదురుదారి. కొన్ని నాటు మందుల్లో సీసం, పాదరసం ఉంటాయని పరీక్షల్లో బయటపడింది, అవి కిడ్నీల్నే దెబ్బతీస్తాయి. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే రావచ్చు, డాక్టరు చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించాలి. లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ 1955 నుంచీ వాడుకలో ఉన్న పాత మందు, చవకైనది, జబ్బు మళ్లీ విజృంభించకుండా కాపాడుతుంది. కళ్ల పరీక్ష మాత్రం డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలూ కిడ్నీలకు చేటే, డాక్టరుకు చెప్పకుండా వేసుకోకు.

అయితే ఆ అక్కను నలుగురిలో నిలదీయొద్దు. పెనమలూరు అక్కా నువ్వూ విడిగా కూర్చుని, మందులు ఎందుకు ఆపిందో అడగండి. డబ్బు చాలక ఆపిందేమో. ఉబ్బిన మొహం అద్దంలో చూసుకోలేక ఆపిందేమో. డాక్టరు దగ్గర నోరు విప్పలేకపోయిందేమో. ప్రతిదానికీ కషాయం కంటే మంచి దారి ఉంది. డబ్బు ఇబ్బందైతే ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఉన్న ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిసి, తన కార్డుకు ఏ చికిత్సలు వర్తిస్తాయో అడగమనండి. హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది. మీ గ్రూపుకు ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకోండి: ఏ పరీక్ష ఎక్కడ చేయించుకున్నదీ, ఏ డాక్టరు ఓపిగ్గా వింటారన్నదీ, ఎండలో ఎలా నెట్టుకొచ్చిందీ ఎంతైనా చెప్పుకోవచ్చు. మందు మొదలుపెట్టు, ఆపు, మోతాదు మార్చు అనే మాట మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పకూడదు.

నీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించిన మనిషి మీ అత్తయ్య. పొద్దున లేవలేనిదానివి సాయంత్రం ఎలా ఆడుతున్నావని ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఈ జబ్బులో కీళ్లు పొద్దున్నే బిగుసుకుని, పొద్దెక్కేకొద్దీ సడలుతాయని ఆవిడకు ఎవరు చెప్పారు? చూడటానికి బాగానే ఉన్న మనిషికి లోపల నీరసం కమ్ముకుంటుందని ఎలా తెలుస్తుంది? ఈసారి బెజవాడ వెళ్లేటప్పుడు ఆవిడను వెంటబెట్టుకెళ్లి డాక్టరు గారి గదిలోనే కూర్చోబెట్టు. ఆ ప్రశ్న ఆవిడనే అడగనివ్వు. నువ్వు వందసార్లు చెప్పినా సాకులాగే వినిపిస్తుంది, డాక్టరు ఒక్కసారి చెబితే చెవికెక్కుతుంది. 2022 అక్టోబరులో సినీనటి సమంత తనకు మయోసైటిస్ ఉందని తానే ప్రకటించింది. అదీ లూపస్ కూడా ఒంటి మీద ఒళ్లే తిరగబడే జబ్బులు. మన ఇళ్లలో చాలామంది ఈ తరహా జబ్బుల మాట మొదటిసారి అప్పుడే విన్నారు. అత్తయ్యకు ఆ కబురు గుర్తుచెయ్యి. మొక్కు గురించి ఆవిడ బాధ నిజమైంది, దాన్ని తీసిపారేయకు. తిరునాళ్లు పదిహేను రోజులు జరుగుతాయి కదా. వచ్చే మాఘమాసంలో ఒక రోజే అని పట్టుబట్టకుండా నీకు ఒంట్లో బాగున్న సాయంత్రం చూసుకుని వెళ్దామని, ఆ మాట నువ్వే ముందుగా అను. నీ నోటి నుంచి వచ్చిందంటే ఆవిడ సగం కరుగుతారు.

మీ అమ్మ మాటకు మాత్రం నేను ఒప్పుకోను. లూపస్ అంటుకోదు. అక్కకు వచ్చింది గనుక చెల్లికి వచ్చి తీరుతుందనేదీ లేదు. ఊరందరికీ చాటనవసరం లేదు, అది నీ ఇష్టం. కానీ దాచడానికి నువ్వు కడుతున్న మూల్యం చూడు: మీ స్కూల్లో ప్రార్థన ఎండలోనైతే, చెప్పలేక పిల్లలతోపాటు నువ్వూ నిలబడుతూ ఉంటావు. ఎండ ఈ జబ్బును రేపుతుంది. హెడ్మాస్టరు ఒక్కరికి చెప్పి నీడలో నిలబడే ఏర్పాటు చేయించుకో. చెల్లి పెళ్లి నీ ఆరోగ్యం మీద నడవాల్సిన పని లేదు.

ఇక నువ్వడిగిన ప్రశ్నకు వస్తే, గ్రూపుకు వెళ్లు. ప్రతి కబురూ చదవనక్కర్లేదు, ఫోన్లో గ్రూపు చప్పుడు ఆపేసి రోజుకోసారి చూసుకో, ఓపిక లేని నెల మానెయ్. కలిసేది పొద్దుగూకాక పెట్టుకోమను, మీలో ఎండ పడనివాళ్లే ఎక్కువ. 2020 మార్చిలో కోవిడ్‌కని అందరూ హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనేసి, లూపస్ రోగులకు అది దొరకని రోజులొచ్చాయి. అలాంటప్పుడు ఏ ఊళ్లో ఏ షాపులో ఉందో చెప్పే నలుగురు తోటివాళ్లు ఎంత అవసరమో నీకు నేను చెప్పక్కర్లేదు.

బెజవాడ, గుడివాడ, బందరుల్లో ఈ జబ్బు చూసే డాక్టర్లకు నాదొక విన్నపం. మే 10 ప్రపంచ లూపస్ దినం. ఆ ఒక్క రోజే గుర్తుపెట్టుకుని ఊరుకోకుండా, ఓపీ అయిపోయాక నెలకో సాయంత్రం మీ వెయిటింగ్ హాలు ఈ ఆడవాళ్లకు ఇవ్వండి. ఒక అరగంట మీరూ వాళ్ల మధ్య కూర్చోండి. కషాయం గురించి అడగాల్సినవాళ్లు అప్పుడు మిమ్మల్నే అడుగుతారు.