అటకకు దుప్పటి

పిల్లలారా! మీ ఇంటి పైకప్పుకూ, గదుల సీలింగుకూ మధ్య ఒక చీకటి చోటు ఉంటుంది. ఇంగ్లీషులో దానిని లాఫ్ట్ అంటారు. మనం అటక అందాం. ఆంధ్రదేశంలో అమ్మమ్మల ఇళ్ళలో అటక మీద ఇత్తడి బిందెలు, ఊరగాయ జాడీలు దాచేవారు. బ్రిటన్‌లో అటకకు ఇంకొక పని ఉంది. అది ఇంటి వెచ్చదనాన్ని కాపాడాలి.

రక్షణ లేని ఇంట్లో సుమారు నాలుగో వంతు వేడి పైకప్పు గుండా బయటికి పోతుంది. హీటరు ఎంతసేపు వేసినా మేడమీద నాయనమ్మ గది చల్లగానే ఉంటుంది. బిల్లు మాత్రం పెరుగుతుంది.

చలి వేస్తే మనం దుప్పటి కప్పుకొంటాం. దుప్పటి వేడిని పుట్టించదు. మన ఒంటి వేడిని పోనివ్వదు. అటకలో పరిచే గాజు ఉన్ని కూడా అంతే. దాని పోగుల మధ్య గాలి కదలకుండా నిలుస్తుంది. నిలిచిన గాలి గుండా వేడి సులభంగా పోలేదు. కనుక ఉన్నిని అణగదొక్కకూడదు. దూలాల మధ్య 100 మిల్లీమీటర్లు, వాటి మీద అడ్డంగా 170 మిల్లీమీటర్లు, మొత్తం 270 మిల్లీమీటర్ల మందం పరుస్తారు.

ఉన్ని పరిచే ముందు సందులు మూయాలి. ఎందుకో తెలుసా? వంటగది, స్నానాలగదిలోని తేమగాలి గొట్టాల పక్క సందుల గుండా అటకలోకి ఎక్కుతుంది. చల్లని కలపకు తగిలి నీటిబొట్లుగా మారుతుంది. కలప నాని, బూజు పడుతుంది. కాని చూరు దగ్గర గాలి ఆడే సందులను మాత్రం మూయకూడదు. మిగిలిన తేమ ఆ దారినే బయటికి పోవాలి.

అటకలో నీళ్ళతొట్టి ఉంటే దాని అడుగున ఉన్ని పరచరు. కింది గది వెచ్చదనం తగిలితే నీరు గడ్డకట్టకుండా ఉంటుంది. తొట్టి చుట్టూ, మూతకూ, గొట్టాలకూ మాత్రం తొడుగు వేస్తారు.

జాగ్రత్త! ఇది పెద్దల పని. మీరు అటక ఎక్కకండి. దూలాల మధ్య ఉన్న సీలింగు మనిషి బరువును ఆపలేదు.

చేసి చూడండి: గాలి వీచే రోజున మీ నాన్నగారినో, అమ్మగారినో అటక తలుపు అంచు దగ్గర సన్నని కాగితపు ముక్క పట్టుకోమనండి. కాగితం కదిలితే అక్కడ సందు ఉన్నట్లే. ఆ అంచుకు నురుగు పట్టీ అంటించమని చెప్పండి.

అభ్యాసం
1. దుప్పటికీ, గాజు ఉన్నికీ పోలిక ఏమిటి?
2. ఏ సందులు మూయాలి? ఏవి మూయకూడదు? ఎందుకు?
3. అటక, దూలం, చూరు: ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి.