ఎస్సీ వర్గీకరణ: తిరువూరు సీటుకూ వర్తిస్తుందా?

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు ఎస్సీ రిజర్వుడ్ అసెంబ్లీ స్థానం. మాల, మాదిగ, రెల్లి... ఏ ఎస్సీ కులంవారైనా ఇక్కడ పోటీ చేయవచ్చు. ఎస్సీ కోటాను ఉపకులాల గ్రూపులవారీగా పంచే వర్గీకరణ వచ్చినా ఇందులో మార్పు లేదు. అది విద్య, ఉద్యోగాలకే పరిమితం. అసెంబ్లీ సీట్ల సంగతి 332వ అధికరణ చూసుకుంటుంది. బిట్ పేపర్‌లో బోల్తా కొట్టించే ప్రశ్న ఇదే!

వివాదం పాతదే. 1994లో వర్గీకరణ కోరుతూ మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక దరిమిలా 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏ, బీ, సీ, డీ వర్గీకరణ చట్టం చేసింది. 2004లో ఈవీ చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ తీర్పునే తోసిపుచ్చింది. విభేదించినవారు జస్టిస్ బేలా త్రివేది.

అసమానతలు అట్టడుగువారికి మేలు చేసేవైతేనే సమర్థనీయమని అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వాదించారు. మరి అట్టడుగున ఉన్నవారిలోనే అంతరాలుంటే? వర్గీకరణ వెనకున్న ఆ చిక్కుముడిని హక్కుల నేత కె.బాలగోపాల్ 2000లోనే చర్చించారు. దళిత రాజకీయాలపై సాంబయ్య గుండిమెడ పుస్తకం 2016లో వచ్చింది. ఈ విషయంలో మనవాళ్ల చర్చే పదునైనది.

రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ నివేదికతో 2025లో ఆంధ్రప్రదేశ్ 59 కులాలను మూడు గ్రూపులు చేసింది: రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతం. అర పోస్టు ఇవ్వలేరు కనుక రోస్టర్ 200 పాయింట్లది; అందులో వాటాలు వరుసగా 2, 13, 15. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలు. అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజు.